బోర్లా పడుకుంటేనే కనబడే తెల్లపువ్వు – పేరు చెప్పగలరా?

ఇసుకదారి:
అందరికీ నమస్కారం. నిన్న కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కుకి దక్షిణం వైపు గేటు నుంచి వెళ్ళాం. కాటన్‌వుడ్ దాటి కాస్త దూరం వచ్చాక నీళ్ళు తాగుదామని కారు ఆపాం. మా చిన్నది దిగీదిగగానే "అమ్మా, ఎవరో చొక్కా బొత్తాలు పారబోశారు" అంది. నేను నిలబడి చూస్తే గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు. మోకాళ్ళ మీద కూర్చుంటే అప్పుడు తెలిసింది, అవి బొత్తాలు కాదు, పూలు. తెల్లటి రేకులు, మధ్యలో పసుపు బొట్టు. కాడ అనేదే కనిపించలేదు, పువ్వు తిన్నగా ఇసుక మీద అంటించినట్టు ఉంది.

పక్కన పెన్నీ (ఒక సెంటు నాణెం) పెట్టి ఫోటో తీశాను. పువ్వు పెన్నీ కన్నా చిన్నదే. ఫోన్లో ఉన్న ఆప్‌ని అడిగితే మూడు ఫోటోలకి మూడు పేర్లు చెప్పింది. మీలో ఎవరికైనా తెలుసా?

కొండగుర్తు:
పెన్నీ పెట్టి మంచి పని చేశారు. చాలామంది ఎడారి పువ్వుని దగ్గరగా తీసి పెడతారు, అది ఆవగింజంతో అరచెయ్యంతో మాకు తెలిసి చావదు.

ఇలాంటి వాటిని ఇక్కడ 'బెల్లీ ఫ్లవర్స్' అంటారు, బోర్లా పడుకుంటే తప్ప కనబడవు కాబట్టి. తెలుగులో 'బోర్లాపూలు' అనుకుందాం, ఎవరికీ అభ్యంతరం లేకపోతే. మీ ఫోటోలో ఉన్నది సూర్యకాంతం కుటుంబమే. ఆ చోట, ఆ రంగులో, ఆ సైజులో నాకు తోచేవి రెండే: మొహావీ ఎడారి నక్షత్రం (మోనోప్టిలాన్), లేదా తెల్ల ఊలు డెయిజీ (ఎరియోఫిల్లమ్ లానోసమ్). తేల్చాలంటే రెండు సంగతులు కావాలి. రేకులు ఎన్ని? ఆకు మీద నూగు ఎలా ఉంది?

లెన్సుబాబు:
అంత విచారణ ఎందుకండీ. ఎరియోఫిల్లమ్ లానోసమ్. పోయినేడు ఇదే పార్కులో ఇలాంటిదే తీశాను, అచ్చం ఇదే. కాదని తేలితే ఇక్కడ నా పేరు మార్చేసుకుంటా.

ఇసుకదారి:
ఫోటో పెద్దది చేసి లెక్కపెట్టాను. ఒకదానికి 17, ఇంకోదానికి 15, మూడోదానికి 18 వచ్చాయి (ఒకటి అటూ ఇటూ, పిల్లలు ఇద్దరూ వేరే వేరే లెక్క చెప్తున్నారు). రేకుల అడుగున లేత గులాబీ చారలా ఉంది. ఆకులు సన్నగా, పొట్టిగా, పువ్వుకి సరిగ్గా కింద గుత్తిగా ఉన్నాయి. వాటి మీద తెల్లటి వెంట్రుకలు. దూదిలా లేవు. మా ఆయన వారం రోజులు గెడ్డం గీయకపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

బోటనీ_మేడం:
గెడ్డం పోలిక బాగుంది, పాతికేళ్ళు పాఠం చెప్పిన నాకు తట్టలేదు అది. ఆ ఒక్క మాటతో సగం తేలిపోయింది.

ఎరియోఫిల్లమ్ అంటే గ్రీకులో 'ఊలు ఆకు'. పేరుకు తగ్గట్టే దాని ఆకులు, కాడలు దూది పూసినట్టు మెత్తగా ఉంటాయి, సాలెగూడు చుట్టినట్టు కూడా కనబడతాయి. మోనోప్టిలాన్‌ది బిరుసు నూగు, ఒక్కొక్క వెంట్రుక విడిగా నిక్కబొడుచుకుని ఉంటుంది. ఇక రేకుల లెక్క: లానోసమ్‌కి పది దాటడం అరుదు. మీకు పదిహేను పైన ఉన్నాయి. పువ్వుని ఆకులు చుట్టూ ఒరుసుకుని ఉండడం కూడా మోనోప్టిలాన్ వైపే చూపిస్తోంది.

అన్నట్టు చిన్న సవరణ. మీరు లెక్కపెట్టినవి రేకులు కావు, పూలు. సూర్యకాంతం కుటుంబంలో మనం 'పువ్వు' అనేది నిజానికి ఒక గంప. అంచున ఉన్న ఒక్కో తెల్లటి నాలిక ఒక్కో పువ్వు, మధ్యలో పసుపు బొట్టు అనుకున్నది డజన్ల కొద్దీ చిన్న గొట్టాల పూలు. మీ పాప చూసిన ఆ ఒక్క బొత్తాంలో యాభై అరవై పూలున్నా ఆశ్చర్యం లేదు. పెన్నీ పట్టని చోట అంత జనం!

లెన్సుబాబు:
మేడం, ఎండలో దూది కూడా నిక్కబొడుచుకుంటుంది. నేను ఇంకా ఒప్పుకోలేదు.

గడ్డిచామంతి:
నేను ఎడారి ఎరగను కానీ, ఫోటో చూడగానే మా గట్ల మీది గడ్డిచామంతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఆకు నలిపి పసరు పిండేవాళ్ళం. దీనికీ దానికీ ఏమైనా చుట్టరికమా?

బోటనీ_మేడం:
కుటుంబం ఒకటే, కానీ దూరపు చుట్టాలు. గడ్డిచామంతి (ట్రైడాక్స్ ప్రొకంబెన్స్) కూడా అమెరికా ఖండాల ఉష్ణమండలం నుంచి మన వైపుకి వచ్చిందే. దీనికీ దానికీ ఒక్కటే తేడా చెప్తాను. గడ్డిచామంతి ఎక్కడ పడితే అక్కడ, ఏడాదంతా పూస్తూ లోకమంతా పాకింది. ఈ నక్షత్రం మొహావీ, సోనోరన్ ఎడారులు దాటి ఎక్కడికీ పోలేదు. కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా, మెక్సికో వాయవ్య కొస, అంతే దాని లోకం.

అడ్డదారి:
ఇసుకదారి గారూ, మళ్ళీ వెళ్తే ఒక మొక్క వేళ్ళతో సహా తీసుకురాగలరా? మా తమ్ముడి కూతురు స్కూల్లో హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల పుస్తకం) చేస్తోంది. గింజలు దొరికితే ఇంకా మంచిది, కుండీలో వేసి చూస్తా. కంట్లో నలుసంత మొక్క, ఎవరు పట్టించుకుంటారు.

కొండగుర్తు:
రేంజర్ పట్టించుకుంటాడు. నేషనల్ పార్కులో పువ్వు, ఆకు, గింజ, రాయి, ఏదీ తీయకూడదు, అది ఫెడరల్ నిబంధన. పార్కు బయట రోడ్డు పక్కన అనుకున్నా కాలిఫోర్నియాలో అదో తంటా: ప్రభుత్వ భూమిలోనో, ఎవరిదో స్థలంలోనో మొక్క పీకాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలని రాష్ట్ర శిక్షాస్మృతిలోనే ఉంది (384ఎ). కారుకి 30 డాలర్లు కట్టి ఏడు రోజులు చూసి రండి, ఎవరూ కాదనరు. తీసుకురావడమే కుదరదు.

కుండీ సంగతి: మీ కుండీలో అది మొలవకపోవచ్చు. ఎందుకో కింద రాస్తాను, కొంచెం పొడుగు అవుతుంది. టీ పెట్టుకుని రాండి.

అడ్డదారి:
సరే సరే, పోలీసు స్టేషన్‌కి వచ్చానా ఏమిటి. అడిగాను అంతే. ఒక్క మొక్కకి ఎడారి ఎండిపోదు కదా.

కొండగుర్తు:
తమ్ముడూ, కోపం వద్దు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నవాడినే. కథ చెప్తాను.

ఈ నక్షత్రం ఏకవార్షికం. మొలవడం, పూయడం, గింజ రాల్చి చచ్చిపోవడం, అంతా ఒక్క చలికాలం-వసంతంలో అయిపోతుంది. ఎండాకాలం వచ్చేసరికి మొక్క ఉండదు, ఇసుకలో గింజ మాత్రం ఉంటుంది. అంటే మనకి కనబడేది దాని జీవితంలో చిన్న ముక్క. మిగతాదంతా మట్టిలో నిద్ర.

ఆ నిద్ర ఎప్పుడు లేవాలో గింజకి తెలియాలి. ఎడారిలో అదే ప్రాణసంకటం. పదీ పన్నెండు మిల్లీమీటర్ల జల్లుకి లేచిందా, రెండు వారాల్లో నేల ఎండి మొలక మాడిపోతుంది. ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ శాస్త్రవేత్త 1940ల్లో పాసడెనాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ఉండగా ఇదే జాషువా ట్రీ ప్రాంతంలో దీని మీద పడ్డాడు. ఎడారి మట్టిని పాసడెనాకి తీసుకెళ్ళి కృత్రిమంగా వాన కురిపించాడు. దాదాపు ఒక అంగుళం, అంటే 25 మి.మీ. వాన పడితే తప్ప చాలా రకాలు సరిగ్గా లేవలేదు. ఇంకా తమాషా ఏమిటంటే, అదే మట్టిని కింద నుంచి నీళ్ళు పీల్చుకునేలా పెడితే తడి ఎంత ఉన్నా గింజ కదల్లేదు. నీళ్ళు పై నుంచి పడి, మట్టిలోంచి కిందికి దిగాలి. గింజ పొరలోనూ మట్టిలోనూ మొలకని ఆపే పదార్థాలు ఉంటాయి, అవి కడుక్కుపోతేనే ద్వారం తెరుచుకుంటుంది. గింజకి తెలిసిన వానమాపకం అదే. అడ్డదారి తమ్ముడు కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

పైగా వేడి కూడా చూస్తుంది. వేసవి కుండపోతకి వేరే జాతులు లేస్తాయి. చలికాలపు పూలకి అక్టోబరు-డిసెంబరు చల్లని వాన కావాలి.

ఇంత చేసినా అన్ని గింజలూ ఒకేసారి లేవవు. కొన్ని మంచి వాన పడ్డా పడుకునే ఉంటాయి. ఈ ఏడు లేచినవి మాడిపోతే వచ్చే ఏటికి వంశం నిలవాలి కదా. మా తాత అన్ని ఎకరాల్లోనూ వేరుశనగ వేసేవాడు కాదు, ఒక చెక్క కొర్రకి వదిలేసేవాడు. అదే లెక్క. డాన్ కోహెన్ అనే ఆయన 1966లో దీన్ని గణితంగా రాశాడు. అరిజోనాలోని టూసాన్‌లో టుమామాక్ కొండ మీద 1903 నాటి ఎడారి ప్రయోగశాల ఉంది. అక్కడ లారీ వెనబుల్ బృందం 1982 నుంచి ఏటేటా చిన్న చిన్న గడుల్లో మొలకలు లెక్కపెడుతూ వచ్చింది, ఎన్ని లేచాయి, ఎన్ని బతికాయి, ఒక్కోటి ఎన్ని గింజలిచ్చింది అని. వాళ్ళ జాబితాలో మన ఎడారి నక్షత్రం కూడా ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా. ఒక్క మొక్క పీకితే ఎడారి ఎండదు. కానీ మీరు పీకేది ఎన్నో ఏళ్ళు పడుకుని, సరైన వాన కోసం కాచుకుని, ఈ ఏడు పందెం కాసిన గింజని. అది ఇంకా తన గింజలు రాల్చలేదు. ఆ చోటి బ్యాంకులో తిరిగి జమ చేయకముందే ఖాతా మూసినట్టు.

అడ్డదారి:
ఒప్పుకున్నాను అన్నా. పాపకి ఫోటో ప్రింట్ తీసి ఇస్తాను. పళ్ళెం సంగతి మాత్రం మనసుకి పట్టింది.

ఇసుకదారి:
ఇంత కథ ఉందా! ఒక సందేహం. అక్కడే రెండు అడుగుల దూరంలో ఒక్క పువ్వుతో వేలి గోరంత మొక్కలు ఉన్నాయి. కాలువలాంటి పల్లంలో మాత్రం అదే పువ్వు, కానీ చాప పరిచినట్టు, ఒకే మొక్కకి ముప్ఫై పైన పూలు. రెండూ ఒకటేనా?

కొండగుర్తు:
ఒకటే. నీళ్ళు నిలిచిన చోట ఒక్క మొక్క జానెడు వెడల్పు పాకుతుంది. ఎండిన గట్టు మీద సెంటీమీటరు లేచి, ఒకే ఒక్క పువ్వు పూసి, నాలుగు గింజలు కాచి ఊరుకుంటుంది. ఎడారి పూలలో ఈ గుణం నాకు మహా ఇష్టం. ఉన్నదాంట్లోనే కాపురం చేసేస్తాయి. వెంట్ కూడా ఇది రాశాడు: కిక్కిరిసి మొలిచిన చోట ఒకదాన్నొకటి చంపుకోవు, అన్నీ పొట్టిగానే ఉండి చాలావరకు పూతకి వస్తాయి.

ఆదివారం_కలుపు:
కొండగుర్తు గారి మాటకి ఒక చేదు ముక్క. ఒకదాన్నొకటి చంపుకోవు, నిజమే, కానీ బయటి నుంచి వచ్చింది మాత్రం చంపుతుంది. సహారా ఆవ (బ్రాసికా టోర్నిఫోర్టీ) పేరు విన్నారా? 1920ల నుంచి కోచెల్లా లోయ చుట్టుపక్కల ఉంది, ఖర్జూర మొక్కలతో పాటు వచ్చి ఉంటుందని అంటారు. అది మొదటి వానకే, అందరికన్నా ముందు లేచి, మోకాలి ఎత్తు పెరిగి, కింద ఉన్నవాటికి ఎండ తగలనివ్వదు. మన నక్షత్రం ఎత్తు సెంటీమీటరు. ఇక చెప్పేదేముంది.

నేను మూడేళ్ళుగా ఆంజా-బొరేగో స్టేట్ పార్కు దగ్గర స్వచ్ఛందంగా పీకేవాళ్ళతో వెళ్తున్నా. ఒక్కో పెద్ద మొక్క వేల గింజలు వేస్తుంది, తడిస్తే గింజ జిగటగా అయి టైర్లకి అంటుకుపోతుంది. ఉదయం ఆరు నుంచి పది వరకు పీకితే ఒక క్రికెట్ పిచ్ అంత నేల శుభ్రం అవుతుంది. అది తీసేసిన చోట కింద పాలిపోయిన చిన్న చిన్న రోసెట్లు (నేలకి అంటుకున్న ఆకుల గుత్తులు) కనబడతాయి, నీడలో ఇరుక్కున్నవి. కొన్ని తేరుకుంటాయి. (మీ అంతట మీరు పార్కులో పీకకండి, కలుపైనా సరే. బృందంతో రండి.)

బోటనీ_మేడం:
ఆవ అనగానే మా అమ్మ సంతోషించేది, పీకమంటే ఏమనేదో.

లెన్సుబాబు:
పేరు సంగతి తేలేలోపు ఒక ఉపకారం చేస్తా. బోర్లాపూలు తీయాలనుకునేవాళ్ళకి నా అనుభవం.

పడుకునే ముందు నేల చూడండి. పూల మీద కాదు, వాగు ఇసుక మీదో బండ మీదో పడుకోండి. మీ ముందున్న పువ్వు కోసం మీ కడుపు కింద నలభై మొక్కలు నలపడం అన్యాయం. లేక్ ఎల్సినోర్ దగ్గర వాకర్ కెన్యన్‌లో 2019లో పాపీ పూల మీద జనం పడి దొర్లారు, 2023లో పూలు రాగానే అధికారులు దారే మూసేశారు. మనకీ ఆ గతి పట్టించొద్దు.

రెండోది చోయా. పింటో బేసిన్ వైపు చోయా కాక్టస్ ఉంటుంది, ముక్కలు ముక్కలుగా విరిగి రాలి, గాలికి దొర్లుకొచ్చి ఎక్కడైనా ఉంటుంది. పోయినేడు మోచెయ్యి ఆనించి ఫోకస్ పెట్టాను. పువ్వు బాగా వచ్చింది. మోచేతికి నిమ్మకాయంత చోయా ముద్ద వచ్చింది. చేత్తో లాగితే వేళ్ళకి ఎక్కింది. చివరికి మా ఆవిడ దువ్వెన పెట్టి ఒక్క విసురు విసిరితే పోయింది, ముళ్ళకి కొనల్లో వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయట. అప్పట్నుంచి కెమెరా బ్యాగులో దువ్వెన ఉంటుంది. చూసినవాళ్ళు సోకు అనుకుంటారు.

వెలుతురుకి పొద్దున్న తొమ్మిది లోపు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం తెల్ల రేకులు కాలిపోయి వివరాలు పోతాయి. మీ నీడే గొడుగు చేసుకోండి.

గడ్డిచామంతి:
దువ్వెన చదివి ఆఫీసులో నవ్వాను, పక్కవాడు చూశాడు.

ఇంతకీ 'మోనోప్టిలాన్' అంటే ఏమిటి? నక్షత్రం అన్నది ఎక్కడ నుంచి వచ్చింది?

బోటనీ_మేడం:
మంచి ప్రశ్న, అసలు తాళంచెవి అక్కడే ఉంది. మోనో అంటే ఒకటి, ప్టిలాన్ అంటే ఈక. ఒంటి ఈక. ఈ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. బెల్లిడిఫార్మే అనే జాతిలో ఒక్కో గింజ నెత్తిన చిన్న గిన్నెలాంటి పొర, అందులోంచి ఒకే ఒక్క పొడవాటి వెంట్రుక, దాని కొసన ఈకలాంటి కుచ్చు. ప్రజాతికి పేరు దాన్ని చూసే పెట్టారు. రెండో జాతి బెల్లియాయిడిస్, మనం మొహావీ ఎడారి నక్షత్రం అనేది ఇదే. దీని గింజ మీద పొట్టి పొలుసులూ, వాటి మధ్య మామూలుగా చాలా వెంట్రుకలూ ఉంటాయి, కొసన కుచ్చు ఉండదు. అంటే ఒంటి ఈక అనే ఇంటిపేరు పెట్టుకున్నదానికి ఒంటి ఈకే లేదు. దీన్ని మొదట ఏసా గ్రే అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త వర్ణించినప్పుడు ఎరెమియాస్ట్రమ్ అని వేరే ప్రజాతిలో పెట్టాడు, ఎడారి నక్షత్రం అనే అర్థం అదే. తర్వాత హాల్ అనే ఆయన దాన్ని మోనోప్టిలాన్‌లో కలిపాడు. శాస్త్రీయ నామంలోంచి నక్షత్రం పోయింది, వాడుక పేరులో మిగిలింది.

పువ్వు పైకి చూస్తే రెండు జాతులూ ఒకటే. పది రెట్ల భూతద్దం, ఎండిన గంప, ఓపిక, మూడూ ఉంటేనే తేలుతుంది.

ఇసుకదారి:
అయితే మళ్ళీ వెళ్తాం. ఎలాగూ వార్షిక పాస్ ఉంది. గింజ కోయకుండా చూడొచ్చా?

బోటనీ_మేడం:
చూడొచ్చు. మొక్క ఎండాక గంప దానంతట అదే విచ్చుకుంటుంది. మీరు దాని స్థాయికి దిగాలి, అంతే.

ఇసుకదారి:
నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

అదే చోటికి వెళ్ళాం. నమ్మరు, ఒక్క తెల్లపువ్వు లేదు. గట్టు మీద మొక్కలు కాగితం కాలిన రంగులో ఉన్నాయి, వేలు పెడితే పొడి అయ్యేలా. పల్లంలో చాపలా ఉన్నది మాత్రం ఇంకా కొంచెం పచ్చగా ఉంది, మధ్యలో ఎండిన గంపలు. నేను బండ మీద పడుకున్నా, చిన్నది నా పక్కన. (దువ్వెన తీసుకెళ్ళాం. అవసరం పడలేదు.) భూతద్దం ముందు దానికే ఇచ్చాను, లేకపోతే ఊరుకోదు.

అది చాలాసేపు చూసి "గింజకి జుట్టు ఉంది, ఎక్కువే ఉంది" అంది. నేనూ చూశాను. చిన్న ముదురు గింజలు, మీద తెల్లటి పొలుసుల అంచు, దాంట్లోంచి వెంట్రుకలు, ఒకటి కాదు, ఏడెనిమిది ఉంటాయి, పొడుగూ పొట్టీ. కొసన కుచ్చు ఎక్కడా లేదు. ఆరు గంపలు చూశాం, అన్నీ అంతే. ఫోటో ఫోన్ని భూతద్దానికి ఆనించి తీశాను, మసకగా ఉంది కానీ వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

బోటనీ_మేడం:
మోనోప్టిలాన్ బెల్లియాయిడిస్. మొహావీ ఎడారి నక్షత్రం. పాపకి నా తరఫున పూర్తి మార్కులు, "జుట్టు" అన్నందుకు ఇంకో రెండు.

కొండగుర్తు:
ఆ పల్లం ఎక్కడో మీ ఫోన్లో గుర్తు పెట్టుకోండి, ఇక్కడ రాయకండి. నవంబరులో అంగుళం వాన పడితే నేనే మీకు చెప్తాను.

పదిరేకులబాబు (ఇదివరకు లెన్సుబాబు):
ఇప్పుడు నా పాత ఫోటో తీసి లెక్కపెట్టాను. దానికి తొమ్మిదే ఉన్నాయి. అది నిజంగానే ఎరియోఫిల్లమ్, ఇది కాదు. పేరు మార్చేశాను, చూసుకోండి.